ఎదురుకాళ్ల వంశం

మా మరదలు రాసిన నవలలో కథానాయికకు ఇరవయ్యొకటో పుట్టినరోజు నాడు అరికాళ్లు నీలంగా వెలగడం మొదలవుతుంది. ఆ వెలుగుకి కొల్లేట్లో పక్షులన్నీ ఒక్కసారిగా లేచి ఆమె చుట్టూ మూగుతాయి. అందులో ఒక గూడబాతు ముందుకొచ్చి, "దేవీ, నీ రాకకై యుగాలుగా వేచి ఉన్నాము" అంటుంది. నేను ఏలూరులో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి బతికే మనిషిని. గూడబాతు ఎదిగాక దాదాపు మూగది. మహా అయితే గుర్రుమంటుంది. దానిచేత గ్రాంథికం మాట్లాడించిన మనిషి మాకు దగ్గరి బంధువు కావడం నా తలరాత.

అంతకంటే పెద్ద తలరాత ఏమిటంటే ఆ కథానాయిక మేమే. మా అమ్మమ్మ, మా అమ్మ, నేను. ముగ్గుర్నీ కలిపి రుబ్బి, వయసు తగ్గించి, రంగు తెల్లబరిచి, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇప్పించి, మా మరదలు ఒక దేవకన్యను తయారు చేసింది.

దీని వెనక ఉన్న సంగతి చాలా చిన్నది. బిడ్డ తలతో కాకుండా కాళ్లతో బయటికొస్తే మావైపు ఎదురుకాళ్ల బిడ్డ అంటారు. అలా పుట్టినవాళ్లు కాలితో తంతే పట్టేసిన నడుం వదులుతుందని ఒక నమ్మకం. మా అమ్మమ్మ అలా పుట్టింది. మా అమ్మా అలాగే పుట్టింది. నేనూ అలాగే పుట్టాను. మూడు తరాలు వరసగా ఇలా జరిగేసరికి కైకలూరు అవతల కొల్లేటి అంచున ఉన్న మా ఊళ్లో మాది ఎదురుకాళ్లవాళ్ల ఇల్లు అయిపోయింది. వైద్యంలో దీన్ని బ్రీచ్ కాన్పు అంటారు. కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనబడుతుంది. ఇందులో శక్తి ఏమైనా ఉంటే అది తల్లిని చంపగలిగే శక్తి, అంతే.

మా అమ్మ ఊళ్లోని మిషను బడిలో టీచరు. పొద్దున్నే బడికి తయారవుతుంటే వాకిట్లో ఎవరో ఒకరు వంగిపోయి నిలబడి ఉండేవాళ్లు. ఒకాయన నాకు బాగా గుర్తు. చేపల చెరువుల ఆసామి. మామూలు రోజుల్లో మా గుమ్మం ముందు నుంచి పోతూ మా వైపు తల తిప్పేవాడు కాదు. మా పేటలో మంచినీళ్లు కూడా ముట్టుకునేవాడు కాదు. నడుం పట్టేస్తే మాత్రం మా వాకిట్లో బోర్లా పడుకునేవాడు, మట్టిలో మొహం పెట్టి.

"టీచరమ్మగారండీ, కాస్త గట్టిగా తన్నండి. మొన్న తన్నింది చాల్లేదండీ."

అమ్మ చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుని, పక్కింటి కోడిని అదిలించినట్టు తన్నేది. అతను లేచి, దులుపుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయేవాడు. మర్నాడు రోడ్డు మీద ఎదురైతే మళ్లీ మా వైపు తల తిప్పేవాడు కాదు. చదువుకున్నవాళ్లు ఇలాంటివి చూసి, నమ్మకం మనుషుల్ని కలుపుతుంది, అడ్డుగోడలు కూలుస్తుంది అని రాస్తుంటారు. మా వాకిట్లో ఏ గోడా కూలలేదు. నడుం పట్టినంతసేపూ మేం వైద్యులం. నడుం వదిలాక మళ్లీ మాలపేటవాళ్లం.

మా పాస్టరుగారిది ఇంకో తీరు. ఆయన ఆదివారం ప్రసంగంలో సోదెలూ తాయెత్తులూ సాతాను పనులని బల్ల గుద్ది చెప్పేవారు. ఒకసారి బియ్యం బస్తా ఎత్తి నడుం పట్టించుకుని, తలమీద తువ్వాలు కప్పుకుని దొడ్డిదారిన వచ్చారు. తన్నించుకుని లేస్తూ, "దేవుడు ఎన్నో మార్గాల్లో పనిచేస్తాడమ్మా" అన్నారు. అమ్మ ఆయనకి కాఫీ ఇచ్చి పంపింది. నేనైతే ఆ వారం నుంచి ప్రసంగం వినడం మానేశాను. అప్పటికి నాకు పదేళ్లుంటాయేమో.

తర్వాత ఏలూరు హాస్టల్లో చేరాను. నా సంగతి ఎవరు చెప్పారో గానీ వార్డెనుగారికి తెలిసింది. ఆవిడ లావుపాటి మనిషి, నడుంనొప్పి ఆవిడకి రోజువారీ భోజనం లాంటిది. గదిలోకి పిలిచి, చాప మీద పడుకుని తన్నమంది. భయంతో మెల్లిగా తన్నాను. తగ్గలేదు. గట్టిగా తన్నాను. ఇంకా ఎక్కువైంది. "నీకు ఇంకా శక్తి పండలేదే" అని విసుక్కుని, కొబ్బరినూనె రాయించుకుంది. పట్టిన నడుం నాలుగైదు రోజులు కదలకుండా పడుకుంటే దానంతటదే వదులుతుంది. మా ఇంటికి వచ్చినవాళ్లందరూ ఎలాగూ తగ్గబోయే నొప్పితోనే వచ్చేవాళ్లు. ఇంత చిన్న సంగతి కనిపెట్టడానికి శాస్త్రం అక్కర్లేదు, కాస్త సిగ్గు ఉంటే చాలు.

ఈ మాట అమ్మతో అంటే, "తగ్గిందని వాళ్లే అంటారు. నేనెప్పుడైనా అన్నానా?" అనేది.

మా మరదలి సంగతి చెప్పాలి. మా పిన్ని కొడుకు భార్య. తాడేపల్లిగూడెంలో ఉంటారు. వాళ్లదీ మా సంఘమే, ఆదివారం ఆరాధన తప్పించరు. ఆ అమ్మాయి ఫోన్లో ఏదో కథల యాప్‌లో నవలలు రాస్తుంది. భాగాలు భాగాలుగా పెడుతుంది. కింద పాఠకురాళ్లు "అక్కా, తర్వాతి పార్ట్ ఎప్పుడక్కా, నిద్ర పట్టడం లేదక్కా" అని రాస్తారు. ఈ అక్క నిద్రపుచ్చేలాగే రాస్తుంది, మరి వాళ్లకి ఎందుకు పట్టడం లేదో. ఆమె కథల్లో ప్రతి కన్నూ కలువ రేకే. ప్రతి కోపమూ అగ్నిపర్వతమే. ఎవరూ గదిలోకి నడిచి రారు, "సుడిగాలిలా దూసుకొస్తారు". వచ్చి చేసేదేమీ ఉండదు, నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ భాగం పూర్తి చేస్తారు. ఆమె తన పాఠకుల వ్యాఖ్యలు తప్ప ఇంకేదైనా చదివిందన్న ఆధారం నాకు ఇంతవరకూ దొరకలేదు.

పోయినేడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఏలూరు వచ్చింది. మా ఇంట్లో నేనూ అమ్మా ఉంటాం. అమ్మకి ఎనభై దాటాయి. కళ్లకి శుక్లాలు, చదవలేదు. చేతులు మాత్రం ఖాళీగా ఉండవు. ఆరోజు వసారాలో కూర్చుని చింతచిగురు ఏరుతోంది, రొయ్యల్లోకి.

మరదలు ఫోను రికార్డింగులో పెట్టి అమ్మ ముందు నేలమీద కూర్చుంది.

"అత్తయ్యగారూ, మన వంశంలో వస్తున్న ఈ శక్తి మీద ఒక ఫాంటసీ నవల రాద్దామనుకుంటున్నానండీ."

మన వంశం అంది. మా పిన్ని మామూలుగా తలతోనే పుట్టింది. ఆవిడ కొడుకూ అంతే. ఈ అమ్మాయి ఎలా పుట్టిందో నాకు తెలియదు. ఆమెకీ ఈ వంశానికీ మధ్య ఒక పెళ్లి శుభలేఖ తప్ప ఏమీ లేదు.

"తన్నేటప్పుడు ఒంట్లో ఏమైనా తెలిసేదాండీ? కరెంటు పాకినట్టు?" అని అడిగింది.

"కాలు నొప్పెట్టేదమ్మా. కొంతమంది నడుములు రాళ్లలాగుండేవి."

"మీకు మొదటిసారి ఈ శక్తి ఉందని ఎప్పుడు తెలిసిందండీ?"

"మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఎవరో వస్తే, 'నా చేతులు ఖాళీ లేవు, నువ్వెళ్లి తన్నేసి రావే' అంది."

మరదలు కాస్త నిరాశపడింది. ఇంత గొప్ప ఘట్టం ఇలా పొయ్యి దగ్గర తేలిపోతుందని ఆమె ఊహించినట్టు లేదు. నేను టీ పెట్టడానికి లోపలికెళ్లాను. కిటికీలోంచి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"వదినగారు పుట్టినప్పుడు ఏమైనా విశేషాలు జరిగేయాండీ? ఉరుములు, వర్షం, అలాంటివి?"

"దీనికేం ఉరుములమ్మా. తొమ్మిదో నెల రాగానే మీ మావయ్యగారు ఏలూరు మిషను ఆస్పత్రిలో పెట్టేశారు. డాక్టరమ్మ చేతులు పెట్టి తీసింది. పిల్లోడి విషయంలో అలా అయిందని భయపడి ముందే తెచ్చేశారు."

"ఏ పిల్లోడండీ?"

"దీనికంటే ముందోడు."

నా చేతిలో టీ వడపోసే జల్లెడ ఉంది. అలాగే పట్టుకుని నిలబడిపోయాను. నాకంటే ముందు ఎవరూ లేరు. యాభై అయిదేళ్లుగా నేను మొదటి బిడ్డని, ఒక్కతే బిడ్డని.

"వాడూ ఎదురుకాళ్లేనమ్మా" అమ్మ చెబుతోంది, చిగురు ఏరుతూనే. గొంతులో ఏ తేడా లేదు. "ఊళ్లోనే కాన్పు. మంత్రసాని మంచిదే, పాపం. కాళ్లొచ్చేయి, నడుమొచ్చింది, చేతులొచ్చేయి. తల రాలేదు. కాళ్లు కదిలిస్తానే ఉన్నాడు కాసేపు. నాకు తొడలకి తగులుతా ఉండేయి. తర్వాత ఆగిపోయేయి. మీ మావయ్యగారు ఆయన తువ్వాల్లో చుట్టి మిషను గుడి దొడ్లో పెట్టేసి వచ్చేరు."

మరదలు మాట్లాడలేదు. ఆ ఒక్క నిమిషానికీ ఆమెని నేను మెచ్చుకున్నాను. తర్వాత టీ తాగి, అమ్మ కాళ్లకి దణ్ణం పెట్టి, అరికాళ్లని ఫొటో తీసుకుని వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక అమ్మని అడిగాను. "నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"నువ్వెప్పుడడిగావు?"

లేని మనిషి గురించి ఎవరైనా ఎలా అడుగుతారు? ఆ మాటే అన్నాను. అమ్మ చింతచిగురు గిన్నె నా చేతికిచ్చి, "ఆ పిల్ల అడిగింది కదా" అంది. తెలివి ఉన్నవాళ్లకి తట్టని ప్రశ్న ఏ తెలివీ లేనివాళ్లకి తట్టడం లోకంలో కొత్తేమీ కాదు. పిల్లి కూడా ఒక్కోసారి సరైన గిన్నె మూతే దొర్లిస్తుంది.

నవల యాప్‌లో మొదలైంది. మొదటి కొన్ని భాగాలు చదివాను, ఎంత ఘోరంగా ఉంటుందో చూద్దామని. అనుకున్నదానికంటే ఘోరంగా ఉంది. ఆదివారం తప్పకుండా గుడికి వెళ్లే మా అమ్మ అందులో సరస్సు దేవత పూజారిణి అయింది. మిషను బడి వెయ్యేళ్ల నాటి గురుకులం అయింది. ఫోన్ చేసి అడిగాను.

"ఏమ్మా, మనకీ ఈ దేవతకీ ఏంటి సంబంధం?"

"యాప్‌లో అదే నడుస్తుందండీ వదినగారూ. చర్చి పెడితే ఎవరూ చదవరండీ" అంది, ఎండాకాలం దుప్పట్లు అమ్ముడవ్వవన్నంత మామూలుగా.

కథ పూర్తయ్యాక పుస్తకంగా వేశారు. తాడేపల్లిగూడెంలో ఆవిష్కరణ. అమ్మ తప్పకుండా రావాలని, ముందు వరసలో కూర్చోవాలని మా పిన్ని కొడుకు స్వయంగా వచ్చి పిలిచాడు. పుస్తకంలో యాప్‌లో లేని ఒక కొత్త అధ్యాయం ఉందనీ, అది అక్కడే వినాలనీ మరదలి షరతు.

బస్సులో వెళ్లాం. దెందులూరు దాటేదాకా అమ్మ నిద్రపోయింది. ఉంగుటూరు దగ్గర లేచి, "నన్నేమైనా మాట్లాడమంటారేంటే?" అంది. అక్కర్లేదన్నాను. అక్కడ మాట్లాడడానికి ఉబలాటపడేవాళ్లు చాలామంది ఉంటారని నాకు తెలుసు.

ఒక హోటలు పై అంతస్తులో ఏసీ హాలు. వేదిక వెనక ఫ్లెక్సీ మీద ఒక తెల్లటి అమ్మాయి నీలం అరికాళ్లు జనానికి చూపిస్తూ గాల్లో తేలుతోంది. మా వంశంలో అంత తెల్లటి మనిషి నా ఎరుకలో లేదు, అంత శుభ్రమైన అరికాళ్లూ లేవు. ముఖ్య అతిథి రిటైరైన పెద్ద అధికారి. చేతిలో అధికారం పోయాక కవిత్వం పట్టుకున్న రకం. నవల గురించి మాట్లాడ్డానికి లేచి తన కవితలు చదివాడు. నవల తెరవలేదని అతని చేతిలో ఉన్న పుస్తకమే చెబుతోంది, ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. అతని తర్వాత మరొకరు స్త్రీశక్తి గురించి మాట్లాడారు. మాట్లాడినంతసేపూ వెనక నిలబడ్డ తన భార్యకి కుర్చీ లేదన్న సంగతి ఆయన చూడలేదు.

తర్వాత కొత్త అధ్యాయం. యాంకరమ్మాయి మైకు పట్టుకుంది. స్పీకర్లో వేణువు మొదలైంది. ఆ అమ్మాయి గొంతు వణికిస్తూ చదివింది.

నవలలో కథానాయిక తల్లికి తొలుత ఒక మగబిడ్డ పుడతాడు. పౌర్ణమినాడు ఆ తల్లి బిడ్డని తామరాకు మీద పడుకోబెట్టి కొల్లేటికి సమర్పిస్తుంది. నీళ్లు చీలి బిడ్డని లోపలికి తీసుకుంటాయి. సరస్సు పలుకుతుంది: నువ్వు నాకొక ప్రాణమిచ్చావు, ఇకపై పుట్టే నీ కూతురి పాదాల్లో నా బలముంటుంది. తల్లి కన్నీళ్లలో చిరునవ్వు నవ్వుతుంది.

పురిట్లో ఊపిరాడక పోయిన పిల్లవాణ్ణి తీసుకెళ్లి ఈవిడ బేరంలో పెట్టింది. వాణ్ణిచ్చి నన్ను కొన్నారట. అమ్మేమో నవ్విందట. చదవడం అయ్యేసరికి హాల్లో ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. ఇలాంటి చోట్ల కన్నీళ్లు ఎంత చవగ్గా వస్తాయో చూస్తే ఉల్లిపాయ సిగ్గుపడుతుంది.

పక్కన అమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ఆవిడకి మైకు అవసరం లేదు, నలభై ఏళ్లు బడిలో అరిచిన గొంతు.

"ఆ పిల్లోణ్ణి ఎవరూ ఎవరికీ ఇవ్వలేదమ్మా. తల ఇరుక్కుని చచ్చిపోయాడు. నేను నవ్వలేదు."

అని కూర్చుంది. వేణువు ఎవరూ ఆపక అలా వాగుతూనే ఉంది. ఇప్పటికైనా వీళ్లకి అర్థమవుతుందని ఒక్క క్షణం అనుకున్నాను. అప్పుడు ముఖ్య అతిథి మైకు అందుకున్నాడు.

"చూశారా! ఒక పాఠకురాలు పాత్రలో ఎంతగా లీనమైపోయారో! రచయిత్రికి ఇంతకన్నా పురస్కారం ఏం కావాలండీ?"

చప్పట్లు హాలు దద్దరిల్లేలా మోగాయి.

చప్పట్లు కొట్టేవాళ్లని చాలా చోట్ల చూశాను. కాలేజీ వార్షికోత్సవాల్లో, రాజకీయ సభల్లో, పెళ్లి స్టేజీల ముందు. వాళ్ల మీద నాకు ఎప్పుడూ పెద్ద గౌరవం లేదు. ఆరోజు ఉన్న కాస్తా పోయింది.

సభ అయిపోయాక అసలు ఘోరం మొదలైంది. అమ్మే అసలు వారసురాలని ఎవరో చెప్పారు. జనం ముందు వరస చుట్టూ మూగారు. ఒకావిడ అమ్మ పాదాలకి తన పిల్లాడి నుదురు తాకించింది. ఇద్దరమ్మాయిలు నేలమీద కూర్చుని అమ్మ అరికాలితో సెల్ఫీ దిగుతామన్నారు. అమ్మ కాళ్లు చీరలోకి లాక్కుంది. ఇంతలో ముఖ్య అతిథి నా పక్కకొచ్చి, గొంతు తగ్గించి, "ఏవండీ, అమ్మగారికి ఓపికుంటే... నాకు నడుములో ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ దగ్గర... వెనక గదిలో ఎవరూ లేరండీ" అన్నాడు.

"మీరు కవి కదండీ, భరించాలి" అన్నాను. అతనికి అది అభినందనలా వినబడినట్టుంది, చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు.

మరదలు భోజనాల బల్ల దగ్గర సంతకాలు పెడుతోంది. వెళ్లి అడిగాను.

"మా అమ్మ చెప్పింది నువ్వు విన్నావా, లేదా ఆరోజు?"

"విన్నానండీ వదినగారూ. రికార్డింగ్ ఎన్నిసార్లు విన్నానో మీకు తెలీదు."

"విని ఇలా రాశావా? కన్న బిడ్డని నీళ్లలో వేసిందా మా అమ్మ?"

"అది ఫిక్షనండీ" అంది. ఈ మాట ఒకటి నేర్చుకున్నారు వీళ్లు. ఇల్లు తగలబెట్టి, అది దీపావళండీ అన్నట్టుంటుంది. నేను ఇంకేదో అనబోతుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరు కోప్పడకండి. రెండో భాగం తెలీక అంటున్నారు. ఆ బాబు చనిపోలేదండీ. సరస్సు అడుగున పెరుగుతాడు. తిరిగొస్తాడు. వాడి కోసమే రెండో భాగం రాస్తున్నానండీ."

"చచ్చినవాణ్ణి లేపి అమ్ముకుంటావా?" అన్నాను.

"ఎప్పుడొస్తాడమ్మా?"

వెనక్కి తిరిగితే అమ్మ. ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వదిలారు. నా వైపు చూడటం లేదు, మరదలి గొంతు వచ్చిన వైపు చూస్తోంది.

సుడిగాలులూ అగ్నిపర్వతాలూ ఏమయ్యాయో గానీ మరదలు మెల్లిగా, "వచ్చే నెలలో మొదలుపెడతానండీ అత్తయ్యగారూ" అంది.

"ఎంతవాడై వస్తాడు?"

"ఇరవై రెండేళ్లవాడండీ."

అమ్మ వేళ్ల మీద లెక్కేసింది. "అంత చిన్నోడా? ఉంటే ఈపాటికి యాభై ఎనిమిదొచ్చేయి వాడికి. నెత్తి తెల్లబడిపోయేది" అంది. తర్వాత, "సరేలే. ఎవరి ఇంట్లోనైనా కొడుకులు కుర్రోళ్లగానే కనపడతారు" అంది.

తిరుగు బస్సెక్కాం. మాట్లాడడానికి ఉన్నదంతా తిట్లే. ఆ అమ్మాయిని, ఆ కవిని, ఆ వేణువుని. ఆవిష్కరణలో ఇచ్చిన పుస్తకం ఒళ్లో ఉంది. బస్సు కిటికీలోంచి పారేద్దామనిపించింది. పచ్చటి చేలలో అంత చెత్త వేయడం ఇష్టంలేక ఊరుకున్నాను.

మరుసటి నెల రెండో భాగం మొదలైంది. అమ్మ చదవలేదు. యాప్‌లో దానంతటదే చదివే ఏర్పాటు ఉంది గానీ, అందులో గొంతు "తల్లి" అనే మాటని కూడా లెక్కల మాస్టారులా పలుకుతుంది. అమ్మకి నచ్చలేదు. కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే, "ఈరోజుది వచ్చిందా?" అంటుంది. నేను చదవాలి. "అతని నేత్రాల్లో నీలి నిప్పురవ్వలు నాట్యమాడాయి" లాంటి వాక్యాలు నా నోటితో నేను చదివాను. ఇంటర్ పిల్లల జవాబు పత్రాల్లో కప్ప గుండెకి ఎనిమిది గదులని రాసినవాళ్లని కూడా నేను ఇంత అసహ్యించుకోలేదు.

అమ్మ వింటూ తప్పులు పడుతుంది. పట్టి ఊరుకోదు, మరదలికి ఫోన్ చేయిస్తుంది.

"ఏమ్మా, తామరాకు మీద పెట్టారని రాశావు. తువ్వాల్లో కదా చుట్టింది. అడ్డచారల తువ్వాలు."

రెండు రోజులకి కథలో సరస్సు అడుగున ఆ కుర్రాడి భుజం మీద ఒక పాత అడ్డచారల తువ్వాలు ప్రత్యక్షమైంది. కింద పాఠకురాళ్లు అది మంత్రపు తువ్వాలా అని వాదించుకున్నారు. మా నాన్న తువ్వాలు కూడా ఆ పిల్ల వదల్లేదని నాకు మండింది. అమ్మ మాత్రం ఆ ముక్క మూడుసార్లు చదివించుకుంది.

"మరీ అంత తెల్లగా వద్దమ్మా. వాళ్ల నాన్న రంగు ఉండాలి" అంది ఇంకోసారి. కుర్రాడు చామనఛాయకి మారాడు. ఎందుకు మారాడో కథలో ఎక్కడా చెప్పలేదు. సరస్సులోంచి పైకొచ్చి ఎండ తగిలిందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

చివరికి వాడు తల్లిని కలిసే భాగం వచ్చింది. నీళ్లు చీలుతాయి, పక్షులు లేస్తాయి, మామూలు తంతే. కుర్రాడు గట్టెక్కి, మోకాళ్ల మీద కూర్చుని, "మాతా, నీ గర్భఋణం తీర్చుకొనుటకై ఏతెంచితిని" అంటాడు.

అమ్మ మొహం చిట్లించింది. "మాతా ఏంటి? ఫోన్ చెయ్యి."

చేశాను. "వాడు కొల్లేట్లో పెరిగాడా, నాటకాల కంపెనీలో పెరిగాడా అమ్మా?" అంది అమ్మ. "అమ్మా అనమను, చాలు."

"మార్చేస్తానండీ అత్తయ్యగారూ."

"ఇంకోటి. తర్వాత వీణ్ణి రాజుని చేస్తావా?"

"అవునండీ, సరస్సుకి రాజండీ."

"రాజెందుకమ్మా? అవన్నీ కొట్టుకుచచ్చే ఉద్యోగాలు. ఏదైనా బ్యాంకులో పెట్టు. ఏలూరు బ్రాంచి అయితే ఇంటి నుంచే వెళ్లొస్తాడు."

పాఠకులు ఒప్పుకోరని, కథ క్లైమాక్సుకి వచ్చేసిందని మరదలు మెల్లిగా బతిమాలింది. అమ్మ వినలేదు. ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. ఒకరేమో చచ్చిన పిల్లాడికి కిరీటం అంటారు, ఒకరేమో గుమాస్తా కుర్చీ అంటారు. మధ్యలో ఫోను పట్టుకుని నేను. ఎమ్మెస్సీ పట్టా, ముప్ఫై ఏళ్ల సర్వీసు ఉన్నదాన్ని. మరదలు బ్యాంకుకి ఒప్పుకోలేదు. అమ్మ ఫోన్ పెట్టెయ్యమంది.

మర్నాడు సాయంత్రం సరిచేసిన భాగం పెట్టింది. "అమ్మా" అన్న ఒక్క మాటే మిగిల్చింది, దాని చుట్టూ ఉన్న అలంకారాలన్నీ తీసేసింది. ఆ ఒక్క చోట రాత బాగుంది. అది అమ్మ రాసింది కాబట్టి అందులో మరదలికి నేనేమీ మార్కులు వెయ్యను. ఆ మాట చదివాక అమ్మ మళ్లీ చదవమంది. చదివాను. నా గొంతు సరిగ్గా లేదని, జలుబు చేసిందేమో చూసుకోమని అంది.

ఆ తర్వాతి భాగంలో వాణ్ణి రాజుని చేసేసింది. బంగారు పల్లకీ, నెమలి గొడుగు, నూరు వాయిద్యాలు. చదవడం అయ్యేదాకా అమ్మ కదలకుండా వింది. అయ్యాక మంచం మీద నుంచి కాళ్లు కిందికి దించి, చెప్పుల కోసం తడుముకుంటూ పెదవి విరిచింది.

"ఆ పిల్లకి రాయడం రాదే."

ఇన్నాళ్లకి ఈ ఇంట్లో నా మాట ఒకటి నెగ్గిందని నేను ఫోను పక్కన పెట్టబోయాను.

"రాకపోతే రాకపోయింది గానీ, రేపటిది కూడా పెట్టేసిందేమో చూడు" అంది అమ్మ.